రాసిపెట్టి ఉందా, మనం చేసుకున్నదా?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చేశాయి. ఒకే బిల్డింగ్‌లో కింద పోర్షన్ వాళ్ల బియ్యం బస్తా, ఫ్రిజ్, పరుపులు, బీరువా కింది అరలో దాచిన పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదనీళ్లలో నానిపోయాయి. పై పోర్షన్ వాళ్లకి కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, కానీ సామాను దక్కింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. అలాంటి వారంలో ఎవర్ని కదిలించినా నోట వచ్చే మాట ఒకటే ఉంటుంది. "మా ఖర్మ, ఇట్టా రాసిపెట్టి ఉంది."

బాధలో ఉన్న మనిషి ఆ మాట అంటే తప్పుపట్టకూడదు. గుండె కుదుటపడటానికి ఏదో ఒక మాట కావాలి. కానీ నీళ్లు తీసేశాక, ఇల్లు కడుక్కున్నాక, ఆ మాటనే పట్టుకుని నిదానంగా అడిగి చూడాలి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, సరిగ్గా ఏం రాశారు? కింద పోర్షన్‌లో ఉండటం రాతేనా? కింద అద్దె తక్కువ కాబట్టి తీసుకున్నారు. అద్దె తక్కువ ఇల్లే ఎందుకంటే వచ్చే జీతానికి అదే కుదిరింది. ఆ వీధి పల్లంలో ఉంది, వాగు నీళ్లు సహజంగా పోయే దారిలో ఏళ్ల తరబడి ఇళ్లు లేస్తుంటే ఎవరూ ఆపలేదు. కృష్ణలోకి నీళ్లు మళ్లించే కాలువ గట్టుకి గండ్లు పడ్డాయి. పైన కురిసిన వాన మాత్రం ఎవరి నిర్ణయమూ కాదు. ఒక్కో పొర విప్పుతూ పోతే "రాత" అన్న ఒక్క మాట కింద ఇన్ని సంగతులు కుక్కి పెట్టామని తెలుస్తుంది. కొన్ని ఆ కుటుంబం తీసుకున్న నిర్ణయాలు, కొన్ని వాళ్లెప్పుడూ చూడని మనుషులు తీసుకున్న నిర్ణయాలు, కొన్ని అసలు ఎవరివీ కానివి.

మనుషుల జీవితాలు ముందే నిర్ణయమై ఉంటాయా, లేక మన ఇష్టం ప్రకారం నడుస్తాయా అన్న ప్రశ్న వేల ఏళ్లుగా తేలలేదంటారు. తేలకపోవడానికి పెద్ద కారణం, రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టి అడగడం. ప్రతిదానికీ కారణం ఉంటుంది అన్నది ఒకటి. మనం ఏం చేసినా జరిగేది జరిగే తీరుతుంది అన్నది ఇంకొకటి. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజమైపోదు. ఈ తేడా చేతిలో ఉంటే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వదులవుతాయి.

రెండోదానికి మన వీధుల్లో దొరికే ఉదాహరణ హెల్మెట్. హైవే మీద బండి నడిపే కుర్రాడికి హెల్మెట్ పెట్టుకోరా అంటే, "పోయేకాలం వస్తే హెల్మెట్ ఆపుతుందా? నూకలుంటే లారీ కింద పడ్డా బతుకుతాం" అంటాడు. వినడానికి ధైర్యంగా, కొంచెం వేదాంతంలా కూడా ఉంటుంది. ఈ మాటకు పాత గ్రీసులో "సోమరి వాదం" అని ఒక పేరుంది. జబ్బు చేసినవాడికి బాగుపడాలని రాసి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా బాగుపడతాడు, చావు రాసి ఉంటే పిలిచినా చస్తాడు, కాబట్టి పిలవడం దండగ అన్నది ఆ వాదం. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో క్రిసిప్పస్ అనే తత్వవేత్త దీనికి జవాబు చెప్పాడు, ఆయన విధిని గట్టిగా నమ్మినవాడు కూడా. బాగుపడటం రాసి ఉంటే వైద్యుణ్ణి పిలవడం కూడా దానితో కలిపే రాసి ఉంటుంది, ఒకటి లేకుండా రెండోది రాదు అన్నాడు. అంటే విధిని నమ్మేవాడికి కూడా చేతులు ముడుచుకుని కూర్చునే హక్కు లేదు. హెల్మెట్ల సంగతే చూస్తే, మోటార్‌సైకిల్ ప్రమాదాల అధ్యయనాల్ని కలిపి చూసిన సమీక్షలో హెల్మెట్ వల్ల చావు ముప్పు సుమారు 42 శాతం, తలకి దెబ్బ తగిలే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతుందని తేలింది. నూకలు ముందే లెక్కపెట్టి ఉంచితే, హెల్మెట్ పెట్టినవాళ్లూ పెట్టనివాళ్లూ ఒకే లెక్కన పోవాలి కదా. అలా జరగడం లేదు. 42 అంటే 100 కాదు, పెట్టుకున్నా పోయినవాళ్లున్నారు, ఆ మిగిలిన భాగం మన చేతిలో లేనిది. చేతిలో ఉన్న భాగాన్ని కూడా దానికిందకే నెట్టేయడం వల్లే ఇంటికి రావలసిన పిల్లలు రాకుండా పోతున్నారు.

ఇక్కడ తెలివైన వాళ్లు ఒక అడ్డుప్రశ్న వేస్తారు. "బుద్ధిః కర్మానుసారిణీ", అంటే బుద్ధి కర్మని బట్టే నడుస్తుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు, హెల్మెట్ పెట్టుకోవాలన్న బుద్ధి పుట్టడం కూడా రాతే కదా అంటారు. ఇది గట్టి ప్రశ్న, తేలిగ్గా దాటేయకూడదు. ఎవరి బుద్ధినీ వాళ్లు బజారుకెళ్లి ఏరుకుని తెచ్చుకోలేదు. అమ్మానాన్నలు, పెరిగిన వీధి, చదువు చెప్పిన మాస్టారు, ఒంట్లో ఉన్న రసాయనాలు, నిన్న రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నది, ఇవన్నీ కలిస్తేనే ఈరోజు బుద్ధి. దీన్ని ఒప్పుకోవాలి. కానీ ఒప్పుకున్నాక ఏమవుతుందో చూడండి. అప్పుడు విధి అనేది మనల్ని తప్పించుకుని పక్కదారిలో వచ్చి మీద పడేది కాదు, మన ఆలోచనలోంచి, మన వెనకాడటంలోంచి, మనం విన్న హెచ్చరికలోంచి నడిచి వచ్చేదే. ఒక తల్లి "జాగ్రత్త నాన్నా" అన్న మాట కూడా ఆ కారణాల వరసలో ఒక కారణమే. అలాంటప్పుడు "ఏం చెప్పినా ఉపయోగం లేదు" అన్నది తప్పవుతుంది, ఎందుకంటే చెప్పడం కూడా లెక్కలోకే వస్తుంది.

ఈ గొడవ మన నేలకి కొత్త కాదు. బుద్ధుడి కాలంలోనే మక్ఖలి గోశాలుడు అనే గురువు ఉండేవాడు, ఆజీవకులనే సన్యాసుల శాఖకి చెందినవాడు. సుఖదుఃఖాలు కుంచంతో కొలిచి పోసినట్టు ముందే ఖాయం, పెంచలేం, తగ్గించలేం, విసిరిన దారపుండ ఎంత దారం ఉంటే అంతవరకు విప్పుకుంటూ దొర్లిపోయినట్టు జీవితం దొర్లిపోతుందని ఆయన బోధ. బుద్ధుడు దీన్ని ఒప్పుకోలేదు. అంతా పూర్వకర్మే అన్నా, అంతా ఈశ్వరుడి ఇచ్ఛే అన్నా, అంతా కారణం లేకుండా జరుగుతుందన్నా, మూడింటిలోనూ ఒకటే లోపం ఉందన్నాడు. అప్పుడు ఇది చేయాలి, ఇది చేయకూడదు అన్న మాటకి అర్థం పోతుంది, హత్య చేసినవాడు కూడా నా పూర్వకర్మ వల్ల చేశానంటాడు. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న అమరావతి, అప్పటి ధాన్యకటకం, ఈ ఆలోచన శతాబ్దాల పాటు నిలదొక్కుకున్న చోటు. మనవాళ్లంతా ఎప్పుడూ తలరాతనే నమ్మారు అనుకోవడం చరిత్ర ప్రకారం సరి కాదు.

అన్నిటికంటే లోతుగా ఈ సంగతిని పట్టుకున్నది మాత్రం ద్రౌపది. వ్యాసభారతం వనపర్వంలో, రాజ్యం పోయి అడవిలో ఉన్నప్పుడు, ఆమె ధర్మరాజుతో వాదిస్తుంది. మొదట పూర్తిగా విరక్తిలో మాట్లాడుతుంది. మనుషులు చెక్కబొమ్మలు, ఆడించేవాడు పైనున్నాడు, ముక్కుతాడు వేసిన ఎద్దుల్లా, దారానికి గుచ్చిన పూసల్లా ఉన్నాం, లేకపోతే ధర్మం తప్పని నీకు ఈ గతేమిటి అంటుంది. ఇది నాస్తికుల మాటలా ఉందని ధర్మరాజు నొచ్చుకుంటాడు. ఆ తర్వాత ఆమె మాట తీరు మారుతుంది. అంతా దైవమే అనేవాడూ, అంతా ఊరికే జరిగిపోతుంది అనేవాడూ ఇద్దరూ తప్పే అంటుంది. దైవాన్ని నమ్ముకుని ఏ పనీ చేయకుండా హాయిగా పడుకునేవాడు నీళ్లలో పెట్టిన పచ్చికుండలా కరిగిపోతాడంటుంది. ఇవన్నీ చిన్నప్పుడు తండ్రి ఒళ్లో కూర్చుని, ఇంటికి వచ్చిన ఒక పండితుడు చెబుతుంటే విన్నానని కూడా చెబుతుంది.

ఆ వాదంలోనే ఒక రైతు వస్తాడు. నాగలితో నేల దున్ని, విత్తనం వేసి, ఇక మాట్లాడకుండా కూర్చుంటాడు, అక్కడి నుంచి మేఘం పని. వాన రాకపోతే అందులో రైతు తప్పు లేదు, చేయవలసింది చేశాడు కాబట్టి తనను తాను నిందించుకోనక్కర్లేదు అంటుంది ద్రౌపది. గుంటూరు మిర్చి యార్డుకి వచ్చే రైతుకి ఈ మాట వేరే వివరణ లేకుండా అర్థమవుతుంది. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు పడి మిర్చి పూతంతా మాడిపోయినప్పుడు, మంచి విత్తనం వేసినవాడూ పోగొట్టుకున్నాడు, వేళకి మందు కొట్టినవాడూ పోగొట్టుకున్నాడు. వాళ్లని "సరిగ్గా చూసుకోలేదు" అని తప్పుపట్టడం ఎంత అన్యాయమో, "నీ ప్రాప్తం ఇంతే" అని చేతులు దులుపుకోవడం కూడా అంతే అన్యాయం. పురుగుకి పేరుంది, అది ఎలా వ్యాపిస్తుందో కనిపెట్టవచ్చు, పంట పోయినవాడికి బీమా ఇవ్వవచ్చు, కౌలు రైతు పేరు కాగితాల్లోకి ఎక్కించవచ్చు. ప్రాప్తం అనగానే ఈ తలుపులన్నీ ఒక్కసారిగా మూసుకుంటాయి. ద్రౌపది చెప్పిన తీరులో ఒక గొప్ప సున్నితత్వం ఉంది, పని చేయమంటుంది, ఫలితం రాకపోతే మాత్రం మనిషిని తిట్టొద్దంటుంది. ఈ రెండూ ఒకేచోట కలవడం అరుదు. ఆ సంభాషణ అయ్యాకే అర్జునుడు పాశుపతాస్త్రం కోసం ఇంద్రకీలానికి తపస్సుకి బయల్దేరతాడు. ఆ కొండ ఇదేనని, కనకదుర్గమ్మ కొలువున్న ఇంద్రకీలాద్రేనని బెజవాడ స్థలపురాణం.

భగవద్గీత 18వ అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పారు. శరీరం, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. దైవం అందులో ఒకటి, అదొక్కటే కాదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి ఇంకా సూటిగా చెబుతాడు, పాత ప్రయత్నమూ ఇప్పటి ప్రయత్నమూ రెండు పొట్టేళ్లలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది అని. సంచితం (ఇదివరకు పోగుపడింది), ప్రారబ్ధం (అందులో ఇప్పుడు అనుభవిస్తున్నది), ఆగామి (ఇప్పుడు చేస్తూ ముందుకి పోగేసుకునేది) అని కర్మని మూడుగా విడదీసి, ప్రారబ్ధం మాత్రమే వింటి నుంచి వదిలేసిన బాణం అన్నారు, మిగతావి ఇంకా అమ్ములపొదిలోనో చేతిలోనో ఉన్నట్టే. అసలు పూజ ఏదైనా సంకల్పంతోనే, అంటే నేను ఇది చేస్తాను అన్న మాటతోనే మొదలవుతుంది కదా.

జాతకం చూపించుకునేవాళ్లు కూడా చాలామంది రాత మారదని నమ్మరు. మారదని నమ్మితే శాంతి ఎందుకు, పరిహారం ఎందుకు, ఉంగరంలో రాయి ఎందుకు? కాబట్టి అక్కడ ఉన్నది విధి మీద నమ్మకం కంటే భవిష్యత్తు మీద భయం, ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం. ఆ ఆరాటం నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడకూడదు. జాతకం చెప్పేది నిజమా అన్నది మాత్రం పరీక్షించి చూడగలిగిన సంగతి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, మరికొందరు కలిసి పుణెలో ఆ పని చేశారు. చదువులో చురుకైన 100 మంది, మానసిక ఎదుగుదల లోపం ఉన్న 100 మంది పిల్లల జాతకాలు తీసుకుని, ఒక్కో జ్యోతిష్కుడికి 40 జాతకాలు పంపి ఎవరు ఏ కోవలోకి వస్తారో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సగటున 46 శాతం సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా 50 దగ్గర వచ్చేది. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. ఒకే ఆసుపత్రిలో కొన్ని నిమిషాల తేడాతో పుట్టిన కవలలు ఒకరు టీచరూ ఒకరు వ్యాపారీ అయిన ఇళ్లు ప్రతి పేటలోనూ ఉంటాయి, ఆ మాటకొస్తే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు.

సైన్స్ వైపు నుంచి వచ్చే విధివాదం ఇంకో రకం. 1814లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్, విశ్వంలో ప్రతి అణువు ఎక్కడుందో ఎటు పోతోందో తెలిసిన ఒక మేధస్సు ఉంటే దానికి భవిష్యత్తు కూడా గతంలా కళ్లముందే కనిపిస్తుంది అన్నాడు. 20వ శతాబ్దంలో క్వాంటమ్ సిద్ధాంతం వచ్చి అణువుల స్థాయిలో అనిశ్చితి ఉందని చెప్పింది. అదిగో స్వేచ్ఛ అని కొందరు సంబరపడతారు కానీ అది తొందరపాటు. పాచికలు పడినట్టు చెయ్యి కదిలితే అది మన స్వేచ్ఛ ఎలా అవుతుంది?

బెంజమిన్ లిబెట్ ప్రయోగం ఎక్కువగా చెప్పుకుంటారు. 1983లో ఆయన, కూర్చున్న మనుషుల్ని ఇష్టం వచ్చినప్పుడు మణికట్టు కదపమని, కదపాలని అనిపించిన క్షణం గడియారంలో చూసి చెప్పమని అడిగాడు. కదలికకు దాదాపు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. "కదుపుదాం" అని అనిపించింది మాత్రం దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు. అంటే మనం అనుకునేలోపే మెదడు నిర్ణయించేసిందని చాలామంది తేల్చేశారు. లిబెట్ మాత్రం చివరి క్షణంలో వద్దని ఆపే వీలు మనిషికి ఉందనే నమ్మాడు. 2012లో ఆరన్ షర్గర్ బృందం వేరే వివరణ ఇచ్చింది. ఆ సంకేతం నిర్ణయం కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే ఎత్తుపల్లాల చప్పుడు ఒక గీత దాటే దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి కదులుతుంది, వెనక్కి తిరిగి సగటు తీస్తే అది ముందే మొదలైనట్టు కనిపిస్తుంది అని. ఏ వివరణ గెలిచినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏ కారణమూ లేకుండా మణికట్టు కదపడం మన జీవితంలో నిర్ణయం అనిపించుకోదు. పదో తరగతి అయ్యాక ఎంపీసీలో చేరాలా బైపీసీలో చేరాలా అని నెలరోజులు ఇంట్లో నలిగిపోయేది నిర్ణయం. పెళ్లి సంబంధానికి ఒప్పుకోవాలా వద్దా అని రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం నిర్ణయం. వాటిని అర సెకనులో కొలవలేం.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా స్వేచ్ఛ వైపే మొగ్గింది. కానీ పుట్టుక అనే గోడ ఒకటుంది, దాన్ని ఎవరూ ఎంచుకోరు. ఏ దేశంలో, ఏ కులంలో, ఆడగానా మగగానా, అప్పుల్లో ఉన్న ఇంట్లోనా పొలాలున్న ఇంట్లోనా అన్నది కళ్లు తెరిచేలోపే తేలిపోయి ఉంటుంది. ప్రపంచంలో మనుషుల ఆదాయాల మధ్య తేడాలో సగానికి పైగా వాళ్లు ఏ దేశంలో ఉన్నారన్న ఒక్క సంగతితోనే వివరించవచ్చని ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ లెక్క. ఇది చూస్తే ముందే రాసిపెట్టి ఉందన్న మాట నిజంలా అనిపిస్తుంది, కొంతవరకు నిజం కూడా. అయితే ఈ రాతలో చాలాభాగం రాసింది మనుషులే. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ఈ సంగతిని ఎవరూ మర్చిపోలేని విధంగా చెప్పాడు. ఆయన 1941 నాటి "గబ్బిలం"లో, గుడిలోకి అడుగు పెట్టనివ్వని కులంలో పుట్టిన మనిషి, గుడిలోకి వెళ్లగలిగే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. కర్మ సిద్ధాంతం పేరు చెప్పి తన నోరు కట్టేసి తన కూడు వేరేవాళ్లు తింటున్నారని, ఆ కర్మ అంటే ఏమిటో, దానికి తన మీద ఎందుకంత కక్షో ఈశ్వరుడి చేతే రుజువు చేయించమని అడుగుతాడు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు రాలేదు. తన కష్టానికి తాను "నా ఖర్మ" అనుకోవడం వేరు, ఎదుటివాడి ఆకలి చూసి "వాడి ఖర్మ" అనడం వేరు. రెండోది అన్నవాడికి ఆ ఆకలిలో లాభం ఉందేమో చూసుకోవాలి.

విజయవాడలోనే, కొండ మీద అమ్మవారి గుడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. 1940లో ముదునూరులో మొదలై 1947లో ఇక్కడికి వచ్చింది. దాన్ని పెట్టిన గోరా దృష్టిలో నాస్తికత్వం అంటే దేవుడు లేడని వాదించడం కంటే ముందు, మనిషి తన జీవితానికి తానే బాధ్యుడని ఒప్పుకోవడం. దేవుణ్ణి నమ్మేవాళ్లకి ఇది రుచించకపోవచ్చు. అయినా ద్రౌపది మాటకీ గోరా మాటకీ మధ్య అనుకున్నంత దూరం లేదు.

స్వేచ్ఛని అతిగా నమ్మినా మనుషులు నలుగుతారు, ఈ సంగతి మన ఊళ్లలో తక్కువగా మాట్లాడుకుంటాం. విజయవాడ, గుంటూరుల్లో ఫలితాల రోజుల్లో ఎటు చూసినా ర్యాంకుల హోర్డింగులే. కష్టపడితే ఏదైనా సాధ్యమని పిల్లలకి ఉదయం అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా చెబుతారు. సీట్లు వెయ్యి ఉండి రాసేవాళ్లు లక్ష మంది అయితే, లక్ష మందీ ప్రాణం పెట్టి చదివినా 99 వేల మందికి రాదు. ఇది కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరికైనా తెలిసే లెక్క. అలాంటప్పుడు రానివాణ్ణి "నువ్వు కష్టపడలేదు" అనడం అబద్ధం. ఆ అబద్ధం పదహారేళ్ల పిల్లవాడు నిజమని నమ్మితే, ఆ టెన్షన్ వాణ్ణి ఎక్కడిదాకా తీసుకెళుతుందో మనం చూస్తూనే ఉన్నాం. ఆ సమయంలో ఒక అమ్మమ్మ తలనిమిరి "పోనీలేరా, రాసిపెట్టి లేదు" అంటే, తర్కం ప్రకారం అది తప్పే కావచ్చు, కానీ ఆ మాట ఆ పిల్లవాడి మీద నుంచి మోయలేని బరువు దించుతుంది. తలరాత అన్న మాట ఎక్కువగా గతం గురించే వస్తుందని గమనిస్తే ఇది అర్థమవుతుంది. పరీక్షకి ముందు "రాసిపెట్టి ఉంటే వస్తుంది, చదవకు" అనే అమ్మమ్మ ఎక్కడా ఉండదు.

చట్టం కూడా స్వేచ్ఛని ఉందా లేదా అని అడగదు, ఎంత ఉందని అడుగుతుంది. ఏడేళ్లు నిండని పిల్లలు చేసింది నేరం కాదు, పాత శిక్షాస్మృతిలోనూ అంతే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. మతిస్థిమితం లేక ఏం చేస్తున్నామో తెలియని స్థితిలో చేసినవాళ్లకీ మినహాయింపు ఉంది. స్వేచ్ఛ పెరగగలిగేదీ తగ్గగలిగేదీ అని ఒప్పుకున్నట్టే కదా ఇది. అప్పు తీరితే పెరుగుతుంది, చదువొస్తే పెరుగుతుంది, జ్వరంలో తగ్గుతుంది, తాగితే తగ్గుతుంది, చేతిలో బస్సు ఛార్జీ కూడా లేకపోతే చాలా తగ్గుతుంది.

పెరగడం అంటే ఏమిటో కృష్ణా డెల్టా చరిత్రలోనే కనిపిస్తుంది. 1832-33లో నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కృష్ణ మాత్రం అప్పుడూ పక్కనుంచే పారుతోంది. 1852 నుంచి 1855 మధ్య విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టారు, కాలువలు తవ్వారు, వాన మొహం చాటేసిన ఏడాది కూడా పొలాలకు నీళ్లు అందే వీలు కలిగింది. నదీ అదే, ఆకాశమూ అదే. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు అధికారిక లెక్కలోనే దాదాపు పదివేల మంది చనిపోయారు. సముద్రం లేచి వస్తే మనిషి ఏం చేయగలడు, అది విధి కాకపోతే మరేమిటి అని అప్పుడు అనిపించడం సహజం. 1990 మే నెలలో అదే కృష్ణా తీరానికి మళ్లీ భయంకరమైన తుపాను వచ్చింది. ఈ పదమూడేళ్లలో ఇన్సాట్ ఉపగ్రహాలు పైకి వెళ్లాయి, తుపాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికలు ముందుగా వచ్చాయి, లక్షన్నర మందికి పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకి తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యికి లోపు. ఆ వెయ్యి లోపు కూడా ఇళ్లలో వెలితే, తక్కువ చేసి చెప్పకూడదు. కానీ 1990లో బతికినవాళ్లలో ఎన్ని వేలమంది, అదే తుపాను 1977లో వచ్చి ఉంటే "నూకలు చెల్లినవాళ్ల" లెక్కలో కలిసిపోయేవారో ఆలోచిస్తే, నూకల లెక్క ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. ఒక్కో మనిషి సొంత స్వేచ్ఛ కాదిది. లారీ పంపినవాడు, రేడియోలో చదివినవాడు, షెల్టర్‌కి డబ్బు మంజూరు చేసినవాడు, మొండికేసిన ముసలాయన్ని ఎత్తుకొచ్చిన కుర్రాళ్లు, అందరూ కలిస్తే వచ్చిన స్వేచ్ఛ.

సింగ్‌నగర్‌లో ఆ కింద పోర్షన్ గోడ మీద నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చార ఉంటుంది, సున్నం వేసినా కొన్నాళ్లకి తేమతో మళ్లీ బయటపడుతుంది. ఆ ఇంట్లోకి కొత్తగా దిగేవాళ్లు ఆ చార చూస్తారు, ఓనర్‌ని అడుగుతారు, పై పోర్షన్‌కి రెండు వేలు ఎక్కువని తెలుసుకుంటారు. ఆ రెండు వేలు ఉంటే పైకి వెళతారు. గట్టు గట్టిగా కట్టించడం వాళ్లొక్కరి వల్ల అయ్యే పని కాదు, వాన వాళ్ల చేతిలో అసలే లేదు. రెండు వేలు లేకపోతే కింద పోర్షనే తీసుకుంటారు, పిల్లల సర్టిఫికెట్లు మాత్రం ఈసారి బీరువా కింది అరలో కాకుండా అటక మీద పెడతారు.